మూత్రపరీక్ష - నాడు, నేడు

రోగి మూత్రమును చూచి అతని భవిష్యత్తు చెప్పవలెనను ప్రయత్నము మన దేశమున మిక్కిలి పాతది. యోగరత్నాకరమను వైద్యగ్రంథమున తైలబిందు పరీక్ష కలదు. వేకువను పట్టిన మూత్రముపై నూనెచుక్కను వదలి, అది పరచుకొనినచో రోగము సాధ్యమనియు, అడుగునకు దిగినచో అసాధ్యమనియు వైద్యులు నిర్ణయించెడివారు. పరీక్షలు మారినవి గాని, ఈ రోగము ఇకముందు ఏ దారి పట్టునను ప్రశ్న మారలేదు.

1827లో లండను గైస్ ఆసుపత్రి వైద్యుడు రిచర్డ్ బ్రైట్ దీనికి క్రొత్త త్రోవ చూపెను. ఒడలు వాచిన రోగుల మూత్రమును చెంచాలో పోసి కాచగా, అది గ్రుడ్డుసొనవలె గడ్డకట్టి తెల్లబడెను. అట్టివారు మరణించిన పిదప కోసి చూడగా మూత్రపిండములు చెడియుండెను. వడపోత చెడినందున రక్తములోని ఆల్బుమిన్ అను మాంసకృత్తు మూత్రములోనికి జారుచున్నదన్నమాట. ఇరువదవ శతాబ్దారంభమున డాక్టరు పట్టాభి సీతారామయ్యగారు మన బందరులో వైద్యము చేయు నాటికిని, వైద్యలోకమునకు కాచి చూచుట మొదలగు ఇట్టి పరీక్షలే ఆధారము. కాని కాచినపుడు కంటికి కనబడునాటికి వ్యాధి ముదిరియుండును.

1963లో అదే గైస్ ఆసుపత్రిలో హారీ కీన్, క్లూవెరాకిస్ అనువారు అత్యల్పమైన ఆల్బుమిన్‌ను సైతము కొలుచు పద్ధతిని కనుగొనిరి. పిదప అక్కడి వైద్యులే, పూర్వము ఈ విధముగ పరీక్షింపబడిన 63 మంది మధుమేహరోగులను 14 ఏండ్లకు మరల పరీక్షించి, 1982లో ఫలితమును ప్రకటించిరి. మొదట ఆల్బుమిన్ కొంచెము హెచ్చుగా నుండిన 8 మందిలో 7గురికి, అది సాధారణ పరీక్షకే తెలియునంతగా పెరిగెను. తక్కువగా నుండిన 55 మందిలో ఇద్దరికి మాత్రమే అట్లు జరిగెను. నూనెచుక్క చెప్పలేని జోస్యమును కొలత చెప్పినది.

అయినను ఈ సాక్షి ఎల్లవేళల పలుకదు. శ్రీకాకుళము జిల్లా ఉద్దానమున వ్యాధి పెక్కుమందిలో వడపోతకంటె సన్నని మూత్రనాళికలనే హెచ్చుగా పట్టుచున్నది. ఆల్బుమిన్ స్వల్పముగనే కనబడుచుండగా మూత్రపిండములు క్షీణించుచుండును. అందుచే నాళికలు దెబ్బతినినపుడు వెలువడు కిమ్-1, ఎన్‌గాల్ వంటి మాంసకృత్తులపై శాస్త్రజ్ఞులు పరిశోధనలు చేయుచున్నారు. ఇవి ఇంకను ఊరూర జరుగు పరీక్షలు కావు.

బందరు, గుడివాడ, దివిసీమలలో మధుమేహముగాని రక్తపు పోటుగాని ఉన్నవారు మనలో ఎందరో కలరు. అట్టివారు ఏటేట మూత్రమున ఆల్బుమిన్‌ను, రక్తమున క్రియాటినిన్‌ను, రెండింటిని పరీక్షింపించుకొనవలెను. గ్రాము క్రియాటినిన్‌కు 30 మిల్లీగ్రాముల ఆల్బుమిన్ చేరినచో వైద్యుడు దానిని హెచ్చరికగా గ్రహించును. కాళ్లు వాచువరకు వేచియుండుట, మరల బ్రైటు చెంచా కాలమునకు పోవుటయే.