జాజ్ రికార్డులు – చరిత్ర సాక్ష్యం

జాజ్ రికార్డులు పోగుచేయడం ఒక వ్యసనమని నా మిత్రులు కొందరంటారు. కాదనను. కాని వ్యసనం కూడా ఒక్కొక్కప్పుడు పాఠం చెబుతుంది. 20 ఏళ్లకు పైగా నేను సేకరించిన రికార్డులు ఈనాడు మా ఇంట్లో రెండు బీరువాల నిండా వున్నాయి. కిందటి వేసవిలో మా కళాశాల విద్యార్థి ఒకడు వాటిని చూసి, "మాస్టారూ, తరగతిలో సామ్రాజ్యవాదాన్ని గురించి చెబుతారు. ఇంట్లో అమెరికా హోటళ్లలో వాయించే పాటలు దాచుకుంటారు. ఈ రెంటికీ పొత్తు ఎలా కుదిరింది?" అని అడిగాడు. ఆ ప్రశ్నలో వెటకారం లేదు. నిజమైన సందేహమే వున్నది. "ఇది మొదట బానిసల బిడ్డల సంగీతం నాయనా" అని నేను తప్పించుకున్నాను. ఆ సమాధానం నాకే తృప్తినివ్వలేదు. ఈ వ్యాసం ఆ బాకీ తీర్చడానికి చేస్తున్న ప్రయత్నం.

అప్పటిదాకా నా రికార్డులు శైలుల వరుసలో వుండేవి. న్యూ ఆర్లియన్స్, చికాగో, స్వింగ్, బీబాప్, కూల్, హార్డ్ బాప్, ఫ్రీ జాజ్ – ఒక్కొక్క శైలికి ఒక్కొక్క అర. జాజ్‌ను గురించిన పుస్తకాలు చాలావరకు ఈ వరుసనే పాటిస్తాయి. దీన్ని చూస్తే ఒక శైలి మరొక శైలిని కన్నట్టు, సంగీతం తన కడుపులోంచి తానే పుట్టుకొచ్చినట్టు తోస్తుంది. మనుషులు, కూలి, ఒప్పందాలు, సమ్మెలు ఎక్కడా కనిపించవు. ప్రబంధయుగాన్ని గురించి రాసేటప్పుడు రాయల ఆస్థానాన్ని వర్ణించి, ఆ ఆస్థానానికి పన్ను కట్టిన రైతును వదిలివేసే పద్ధతి మనకు తెలియనిది కాదు. ఇదీ అలాంటిదే.

ముందుగా వస్తువును చూద్దాం. నేను ఎక్కువ మక్కువతో చూసుకునేది బొంబాయి చోర్ బజారులో కొన్న లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ రికార్డు. నిమిషానికి 78 చుట్లు తిరిగే పాత రకం. ఒక్కొక్క వైపు సుమారు మూడు నిమిషాల పాట. అది అచ్చయింది కలకత్తా దగ్గరి దమ్‌దమ్ కర్మాగారంలో. గ్రామఫోన్ కంపెనీ కలకత్తాలో 1908లో రికార్డుల తయారీ ప్రారంభించింది. మన రంగస్థల పద్యాలను ఇంటింటికీ చేర్చిన రికార్డులు కూడా అక్కడ తయారైనవే. మెత్తగా నూరిన రాతిపొడిని, మసిని లక్కతో కలిపి, వేడి మీద అదిమితే ఆనాటి రికార్డు తయారయ్యేది. ఆ లక్కలో అధికభాగం మన దేశానిదే. ఛోటానాగపూర్ అడవుల్లో ఆదివాసులు మోదుగ, రేగు కొమ్మల మీద లక్క పురుగును పెంచి, లక్కను గీకి సంతలో అమ్మేవారు. రెండవ ప్రపంచయుద్ధంలో సరఫరా చిక్కుపడి, 1942లో అమెరికా ప్రభుత్వం రికార్డు కంపెనీల లక్క వాడకానికి కోత పెట్టింది. న్యూ ఆర్లియన్స్ నల్లవాడి ఊపిరి, ఛోటానాగపూర్ ఆదివాసి చెమట ఒకే రికార్డులో కలిశాయి. వారిద్దరిలో ఒకరి సంగతి ఒకరికి తెలియదు. మధ్యనున్న వ్యాపారానికి మాత్రం ఇద్దరూ కావాలి.

ఇక మొదటి అర సంగతి. జాజ్ పేరుతో వెలువడిన మొదటి రికార్డు 1917 ఫిబ్రవరి 26న న్యూయార్కులో విక్టర్ కంపెనీ తయారుచేసినది. అందులో ఒకవైపు పాట పేరు 'లివరీ స్టేబుల్ బ్లూస్'. వాయించినది ఒరిజినల్ డిక్సీలాండ్ జాస్ బ్యాండ్. ఆ బృందంలోని ఐదుగురూ తెల్లవారే. పేరులో 'ఒరిజినల్' అన్నమాట వుండడం గమనించదగ్గది. అప్పటికి ఎన్నో ఏళ్లుగా న్యూ ఆర్లియన్స్ నల్లజాతి వాద్యకారులు ఊరేగింపుల్లో, నాట్యశాలల్లో, శవయాత్రల్లో ఈ సంగీతాన్ని వాయిస్తూనే వున్నారు. వారిలో మొదట పేరు మోసినవాడు బడ్డీ బోల్డెన్. 1907లో అతన్ని పిచ్చాసుపత్రిలో చేర్చారు. 1931లో చనిపోయేదాకా అతడు బయటికి రాలేదు. అతని కార్నెట్ వినిపించే రికార్డు ఒక్కటి కూడా మిగలలేదు. కనుక కాలక్రమాన్ని నమ్ముకున్న సేకర్త బీరువా అబద్ధంతోనే ఆరంభమవుతుంది. దొరికిన మొదటి వస్తువు వేరు, జరిగిన మొదటి సంగతి వేరు. ఈ తేడా మరచిన చరిత్రకారుడికి శాసనం వేయించినవాడే గుడి కట్టినవాడుగా కనిపిస్తాడు.

1920లో ఓకే కంపెనీ మేమీ స్మిత్ పాడిన 'క్రేజీ బ్లూస్'ను విడుదల చేసింది. అది విపరీతంగా అమ్ముడుపోయింది. నల్లజాతివారు కూడా రికార్డులు కొంటారని కంపెనీలకు అప్పుడు జ్ఞానోదయమైంది. వెంటనే వారికోసం 'రేస్ రికార్డులు' అని విడి జాబితాలు వేశారు. రైలు పెట్టెలో, బడిలో, హోటల్లో వున్న వేర్పాటు అమ్మకపు జాబితాలోకి కూడా దిగింది. 1921లో హ్యారీ పేస్ అనే నల్లజాతి వ్యాపారి బ్లాక్ స్వాన్ పేరుతో సొంత కంపెనీ పెట్టాడు. పెద్ద కంపెనీల పోటీకి అది నిలవలేకపోయింది. 1924లో పారామౌంట్ చేతికి పోయింది. బెస్సీ స్మిత్ రికార్డులు కొలంబియాకు లాభాలు గుమ్మరించాయి. ఆమెకు దక్కినది పాటకింత అని ముందే కట్టిన కూలి. అమ్మకాలపై వాటా లేదు. 1923లో ఇండియానా రాష్ట్రం రిచ్‌మండ్‌లో జెనెట్ కంపెనీ కింగ్ ఆలివర్ బృందాన్ని రికార్డు చేసింది. అందులో రెండవ కార్నెట్ వాయించిన యువకుడు ఆర్మ్‌స్ట్రాంగ్. అదే కంపెనీ ఆ రోజుల్లోనే కిరాయి తీసుకుని కు క్లక్స్ క్లాన్ రికార్డులను కూడా అచ్చువేసింది. దీన్నిబట్టి పెట్టుబడికి రంగు పట్టింపు లేదనుకోరాదు. రెండు వైపుల డబ్బూ దానికి చేదు కాదని మాత్రమే గ్రహించాలి.

ఈ చరిత్రలో సేకర్తల పాత్ర ఏమిటి? వారు చేసిన మేలు తక్కువేమీ కాదు. 1930ల ఆర్థిక సంక్షోభంలో అమ్మకాలు కుప్పకూలాయి. పాత రికార్డుల్లో అనేకం మళ్లీ అచ్చుకాలేదు. రికార్డు మీద బృంద నాయకుడి పేరు తప్ప మిగతావారి పేర్లుండేవి కావు. 1936లో పారిస్‌లో చార్లెస్ డెలోనే జాజ్ రికార్డుల పట్టిక ఒకటి ప్రచురించాడు. ఏ పాటను ఎప్పుడు, ఎక్కడ, ఎవరెవరు వాయించారో అందులో పొందుపరచాడు. దాన్ని నేను పనివారి హాజరుపట్టీ అంటాను. న్యూయార్కులో కమోడోర్ అనే రికార్డుల దుకాణం నడిపిన మిల్ట్ గాబ్లర్ పాత రికార్డులను మళ్లీ అచ్చువేయించి, వాద్యకారులందరి పేర్లను చీటీ మీద వేయించాడు. 1938 డిసెంబరు 23న కార్నెగీ హాలులో జాన్ హామండ్ నల్లజాతి సంగీత చరిత్రను వేదిక మీదికి తెచ్చిన కచేరీకి పోషణ అందించినది 'న్యూ మాసెస్' అనే వామపక్ష పత్రిక.

మరుసటి ఏడు, 1939 ఏప్రిల్ 20న, బిల్లీ హాలిడే 'స్ట్రేంజ్ ఫ్రూట్' రికార్డు చేసింది. నల్లవారిని చెట్లకు ఉరితీసి చంపే దురాచారంపై రాసిన పాట అది. రాసినవాడు ఏబెల్ మీరోపోల్ – న్యూయార్కులో బడిపంతులు, కమ్యూనిస్టు. 1953లో రోజెన్‌బర్గ్ దంపతులకు మరణశిక్ష అమలైన తర్వాత వారి ఇద్దరు బిడ్డలను పెంచుకున్నవారు ఈయనా, ఈయన భార్యా. ఆ పాటను కొలంబియా కాదన్నది. సేకర్తల దుకాణమైన కమోడోర్ అచ్చువేసింది. అయితే అదే కాలపు సేకర్తలలో చాలామంది, పాత న్యూ ఆర్లియన్స్ బాణీ తప్ప మరేదీ జాజ్ కాదని కొత్త సంగీతాన్ని వెలివేశారు. పాత వస్తువు మీది ప్రేమ బతికున్న మనిషి మీద కోపంగా మారడం సేకర్తకు సహజమైన జబ్బు. నాకూ అది అంటకపోలేదు.

నా బీరువాలో ఒకచోట రికార్డులు లేవు; ఒక అట్టముక్క మాత్రమే వున్నది. దానిమీద 'సమ్మె' అని రాసి పెట్టాను. జేమ్స్ పెట్రిల్లో నాయకత్వంలోని అమెరికన్ వాద్యకారుల సంఘం 1942 ఆగస్టు 1 నుంచి రికార్డులకు వాయించడం మానివేసింది. కారణం స్పష్టం. రేడియోలో, కాఫీ హోటలు యంత్రంలో రికార్డు తిరుగుతుంటే మనిషికి పని పోతున్నది. తాను చేసిన సరుకే తన పొట్ట కొట్టడం కార్మికుడికి కొత్త అనుభవం కాదు. డెకా 1943లో దిగివచ్చింది. విక్టర్, కొలంబియా 1944 నవంబరుదాకా బిగుసుకు కూర్చున్నాయి. చివరకు అమ్మకాలపై కొంత మొత్తం సంఘం నిధికి చెల్లించడానికి కంపెనీలు ఒప్పుకున్నాయి. సరిగ్గా ఈ రెండేళ్లలోనే హార్లెంలో చార్లీ పార్కర్, డిజ్జీ గిలెస్పీ, థెలోనియస్ మంక్ వంటివారు బీబాప్‌కు రూపం దిద్దుతున్నారు. 1945 నవంబరు 26న పార్కర్ 'కో-కో' రికార్డు చేసినప్పుడు అది ఆకాశం నుంచి ఊడిపడినట్టు జనానికి తోచింది. రికార్డులను మాత్రమే వినేవాడు దీన్ని మేధావి చేసిన అద్భుతమంటాడు. ఆ అట్టముక్కను కూడా చదివినవాడు, రాత్రులు కలిసి సాధన చేసిన మనుషులు దానివెనుక వున్నారని తెలుసుకుంటాడు.

1948లో కొలంబియా లాంగ్ ప్లే రికార్డు తెచ్చింది. మూడు నిమిషాల కట్టుబాటు సడలింది; ఒక వైపు 20 నిమిషాలకు మించిన సంగీతం పట్టింది. రూపం మారేసరికి మాట్లాడవలసినవారికి చోటు దొరికింది. 1957లో ఆర్కన్సా గవర్నరు ఫాబస్ లిటిల్ రాక్ ఉన్నతపాఠశాలలోకి తొమ్మిదిమంది నల్లజాతి విద్యార్థులు అడుగుపెట్టకుండా సైనికులను నిలిపాడు. అతన్ని ఎగతాళి చేస్తూ చార్లెస్ మింగస్ కట్టిన రచన 1959లో కొలంబియాపై మాటలు లేకుండా వచ్చింది. 1960లో క్యాండిడ్ అనే చిన్న కంపెనీకి అదే రచనను మాటలతో సహా రికార్డు చేశాడు. పెద్ద కంపెనీలో పెదవి బిగించిన పాట చిన్న కంపెనీలో నోరు విప్పింది. శైలుల వరుసలో ఈ రెండూ పక్కపక్కనే కూర్చుంటాయి. యాజమాన్యం వరుసలో పెడితేనే వాటి మధ్యనున్న దూరం కనిపిస్తుంది. 1960లోనే మాక్స్ రోచ్, గాయని ఆబీ లింకన్ అదే క్యాండిడ్‌పై 'వీ ఇన్సిస్ట్' వెలువరించారు. తెల్లవారి హోటలు బల్ల ముందు కదలకుండా కూర్చున్న విద్యార్థుల పోరాటమే దాని అట్టమీది బొమ్మ. 1963 సెప్టెంబరులో బర్మింగ్‌హామ్ చర్చిలో బాంబు పెట్టి నలుగురు బాలికలను చంపారు. నవంబరులో జాన్ కోల్ట్రేన్ 'అలబామా' రికార్డు చేశాడు. అందులో మాటలు లేవు. అవసరం కూడా లేదు.

ఇక మన ఆత్మవిమర్శ. 1928లో గోర్కీ ప్రావ్దాలో రాస్తూ జాజ్‌ను బలిసినవారి సంగీతమన్నాడు. ఆయన విన్నది హోటల్లో కొన్నవారి చప్పుడు; చేసినవారి గొంతు ఆయన చెవిన పడలేదు. ఆ మహారచయిత మాటను పట్టుకుని ఎందరో అభ్యుదయవాదులు చాలాకాలం జాజ్‌ను ఈసడించారు. అయితే వామపక్షంలోనే దీనికి జవాబు కూడా పుట్టింది. 1948లో సిడ్నీ ఫింకెల్‌స్టీన్ జాజ్‌ను ప్రజల సంగీతమని వాదిస్తూ పుస్తకం రాశాడు. 1959లో చరిత్రకారుడు ఎరిక్ హాబ్స్‌బామ్ ఫ్రాన్సిస్ న్యూటన్ అనే మారుపేరుతో జాజ్ చరిత్ర వెలువరించాడు. ఆ పేరు 'స్ట్రేంజ్ ఫ్రూట్'లో ట్రంపెట్ వాయించిన వామపక్షవాది ఫ్రాంకీ న్యూటన్‌ది. 1963లో లెరోయ్ జోన్స్ 'బ్లూస్ పీపుల్' రాశాడు.

అమెరికా ప్రభుత్వం ఈ సంగీతాన్ని వాడుకోలేదా? వాడుకున్నది. 1956లో గిలెస్పీని విదేశాలకు పంపింది. మన దేశానికి 1958లో డేవ్ బ్రూబెక్, 1963లో డ్యూక్ ఎల్లింగ్టన్ వచ్చారు. తన దేశంలో బడి గుమ్మం దాటనివ్వని జాతి సంగీతాన్ని స్వేచ్ఛకు గుర్తుగా చూపించుకోవాలని ఆ ప్రభుత్వం ఉబలాటపడింది. కాని లిటిల్ రాక్ ఉదంతం విన్న ఆర్మ్‌స్ట్రాంగ్, అదే ప్రభుత్వం తరఫున సోవియట్ యూనియన్‌కు వెళ్లనని 1957లో తెగేసి చెప్పాడు. ఎప్పుడూ నవ్వుతాడని కొందరు చులకన చేసిన మనిషి ఆయన. కళను ఎవరు వాడుకున్నారన్నది ఒక ప్రశ్న. ఎవరు సృష్టించారన్నది మరొక ప్రశ్న. మొదటిదానికి జవాబు చెప్పి రెండవదానికీ చెప్పామనుకోవడమే మన పొరపాటు.

కిందటి వేసవి తర్వాత నా బీరువాలను మళ్లీ సర్దాను. ప్రతి రికార్డుకూ ఒక చీటీ రాస్తున్నాను: ఎవరు వాయించారు, ఎవరు అచ్చువేశారు, హక్కు ఎవరిది, కూలి ఎంత ముట్టింది. నాలుగవ గడి చాలా చీటీల్లో ఖాళీగానే మిగులుతున్నది. ప్రశ్న అడిగిన విద్యార్థి ఆదివారాల్లో వచ్చి ఈ పనిలో సాయం చేస్తున్నాడు. మొన్న మా తాతగారి పెట్టెలోంచి ఒక పాత తెలుగు పద్యాల రికార్డు తీసి, "మాస్టారూ, దీనికి హార్మోనియం ఎవరు వాయించారు?" అన్నాడు. చీటీ మీద పద్యం పాడినవారి పేరొక్కటే వున్నది. తెల్ల అట్టముక్క ఒకటి కత్తిరించి అతని చేతికిచ్చాను.