చప్పుడు చెయ్యని కీబోర్డు

మొన్నామధ్య మొట్టమొదటిసారి ఓ మిడి కీబోర్డు కొన్నాను. చిన్నదే, 25 మెట్లు. కంప్యూటర్‌కి తగిలించి ఒక మెట్టు నొక్కితే... నిశ్శబ్దం! పాడైన సరుకు అంటగట్టారేమో అనుకున్నా. కాసేపటికి నా తెలివికి నాకే నవ్వొచ్చింది. ఇరవయ్యేళ్ళుగా ప్రోగ్రాములు రాస్తూ, మిడి అంటే శబ్దం కాదని, అదో ప్రోటోకాల్ మాత్రమేనని మర్చిపోయాను మరి.

పదో తరగతి దాకా ఫిడేలు నేర్చుకున్నా. ఇంటర్లో చేరేటప్పుడు, పరీక్షలవగానే వచ్చేస్తానని మాస్టారికి చెప్పి మానేశా. మళ్ళీ వెళ్ళలేదు. ఇప్పుడాయన లేరు.

సరే, కథలోకి వద్దాం. 1980 ప్రాంతంలో ఒక కంపెనీ సింథసైజరు ఇంకో కంపెనీ దానితో మాట్లాడేది కాదు. ఒకరు స్వరాన్ని వోల్టేజిగా ఒక లెక్కలో పంపితే, ఇంకొకరిది వేరే లెక్క. 1981లో జపాన్‌కి చెందిన రోలండ్ వ్యవస్థాపకుడు ఇకుతారో కకెహాషి, అందరికీ ఒకే పద్ధతి ఉండాలని అమెరికా తయారీదార్లతో మాట్లాడాడు. అదే ఏడాది సీక్వెన్షియల్ సర్క్యూట్స్ తరఫున డేవ్ స్మిత్, చెట్ వుడ్ ఓ ప్రతిపాదన రాసి చదివారు. 1983 జనవరిలో కాలిఫోర్నియాలో జరిగిన నామ్ ప్రదర్శనలో సీక్వెన్షియల్ వాళ్ళ ప్రాఫెట్-600ని, రోలండ్ వాళ్ళ జూపిటర్-6ని ఒక కేబుల్‌తో కలిపారు. ఒకదాని మీద వాయిస్తే రెండోదీ పలికింది!

పోటీ కంపెనీలు, పైగా రెండు దేశాలవి. రాయల్టీ కూడా అడగలేదు. అదే దాని ఆయుష్షు రహస్యమని నా నమ్మకం. 2013లో కకెహాషికి, స్మిత్‌కి టెక్నికల్ గ్రామీ ఇచ్చారు.

లోపల ఉన్నదెంతో తెలుసా? మెట్టు నొక్కితే వెళ్ళేది 3 బైట్లు. నొక్కారనీ, ఏ చానల్లో అనీ చెప్పడానికి ఒకటి, ఏ స్వరమో ఒకటి, ఎంత బలంగానో ఒకటి. స్వరాలు 128, చానళ్ళు 16. అప్పటి కేబుల్ వేగం సెకనుకి 31,250 బిట్లు. అంటే ఒక స్వరానికి దాదాపు ఒక మిల్లీసెకను. కేబుల్ మారి యూఎస్‌బీ వచ్చినా నా కీబోర్డు పంపేది ఆ 3 బైట్లే.

ఇక్కడే నా గొడవ. ఈ లెక్కలో స్వరమంటే మెట్టు. మాస్టారు నేర్పింది మెట్లు కాదు, మెట్టుకీ మెట్టుకీ మధ్య దారి. మోహనం ఏదో నెట్టుకొచ్చా కానీ, తోడి గాంధారం దగ్గర చతికిలపడ్డా. కదలకపోతే అది తోడి ఎలా అవుతుంది?

అయితే 1983 వాళ్ళు దీన్నీ పూర్తిగా వదిలెయ్యలేదు. పిచ్ బెండ్ అని ఓ సందేశం పెట్టారు. దానికి 16,384 అంచెలు. చిక్కేమిటంటే అది చానల్ మొత్తాన్నీ వంచుతుంది. రెండు స్వరాలు కలిపి వాయిస్తే రెండూ వంగుతాయి. ఒక్కో స్వరాన్ని విడిగా వంచే వీలు 2020 నాటి మిడి 2.0లో చేర్చారు. కానీ మనకి ఒకసారికి ఒకటే స్వరం కదా, పాతదే చాలు!

ఇప్పుడు రాత్రిళ్ళు హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, కుడిచేత్తో మెట్టు, ఎడంచేత్తో చక్రం. నిన్న ఆ గాంధారం ఒక్క క్షణం సరిగ్గా ఊగింది. మాస్టారు వింటే ఇంకా అపశ్రుతే అనేవారు. కానీ, పరీక్షలయ్యాయా అని ఆయన అడిగితే, ఇవాళ నా దగ్గరో జవాబుంది.