ఖరగ్‌పూరు రైలు పట్టణమున వాలంటీరు దళములు

జీతము గొని పనిచేయు పోలీసులు చాలనప్పుడు ప్రభుత్వము పౌరులనే పిలిచి రక్షకాధికారము నొసగుట క్రొత్త పద్ధతి కాదు. దొంగల భయమున్న రోజులలో ఊరివారే వంతులు వేసికొని రాత్రులు గస్తీ తిరుగుట తెలుగు పల్లెలకు తెలిసినదే. అచట కాపలా కాయువాడును, కాపాడబడువాడును ఒక్క ఊరివారే. అందుచేత ఆ గస్తీవానిని చూచి ఎవరును భయపడరు. కాని పిలుచువా డొకడు, పిలువబడువా డొకడు, ఎవరిపైకి పంపబడునో వాడు వేరొకడు అయినప్పుడు ఆ యేర్పాటు స్వరూపమే మారిపోవును. ఈ సత్యమును ఖరగ్‌పూరు రైలు పట్టణ చరిత్ర చక్కగా నిరూపించుచున్నది.

భారతదేశమున ఇట్టి పౌర రక్షకులకు ఆధారమైన శాసనము 1861 నాటి పోలీసు చట్టము. అల్లర్లు జరిగినపుడుగాని, జరుగునను భయము కలిగినపుడుగాని, ఉన్న పోలీసు బలము చాలనిచో, ఆ ప్రాంత నివాసులను మేజిస్ట్రేటు స్పెషల్ పోలీసు అధికారులుగా నియమింపవచ్చునని దాని 17వ సెక్షను విధించినది. అట్లు నియమింపబడిన వారికి సాధారణ పోలీసులకుండు అధికారములన్నియు కలుగును. తగిన కారణము లేక ఆ పనికి నిరాకరించినవారికి ఏబది రూపాయల వరకు జరిమానా విధించుటకును ఆ చట్టమున వీలు కలదు. ఈ యేర్పాటునందు గమనింపదగినది ఒకటి యున్నది: నియమించువాడు మేజిస్ట్రేటే గాని, యజమాని కాడు.

రైల్వేలలో మాత్రము ఇంకొక పద్ధతి పెరిగినది. 1857 తిరుగుబాటును మరువలేని దొరలు, రైలు మార్గములను కాపాడుటకు తమవారినే సాయుధులను చేయదలచిరి. 1869 నాటి వాలంటీర్ల చట్టము దీనికి దారి యేర్పరచెను. 1887లో నెలకొన్న బంగాళా నాగపూరు రైల్వే కంపెనీకి మరుసటి సంవత్సరముననే ఒక వాలంటీరు రైఫిల్ దళ మేర్పడినది. ఐరోపీయులును, ఆంగ్లో ఇండియనులును అయిన ఉద్యోగులే దాని సభ్యులు. 1917లో ఇట్టి దళములు ఇండియన్ డిఫెన్స్ ఫోర్సునందును, 1920 నాటి చట్టముతో ఆగ్జిలరీ ఫోర్సునందును చేరినవి. భారతీయుల కందు ప్రవేశము లేదు. వారికి టెరిటోరియల్ ఫోర్సు అను పేరుతో వేరొక దళమును ఏర్పరచిరి. రైలు పట్టణములలో ఆంగ్లో ఇండియను యువకులకు ఉద్యోగముతోపాటు దళ సభ్యత్వమును దాదాపు తప్పనిసరియై యుండెను. పేరునకు వాలంటీర్లే గాని, అనేకులకు అది కోరి యెన్నుకొన్న సేవ కాదు. పగలు పనిలో పై అధికారియైనవాడే సాధారణముగా దళమునందును పై అధికారిగా నుండెడివాడు.

ఇక ఆ పట్టణమునందలి కార్మికుల సంగతి. 1900 నాటికి హౌరా, కటకము మార్గములు ఖరగ్‌పూరున కలిసినవి. తరువాతి కొలది సంవత్సరములలో అచ్చట పెద్ద వర్క్‌షాపు వెలసినది. 1902లో ఈస్టు కోస్టు రైల్వే ఉత్తరభాగము, వాల్తేరు వరకు, ఈ కంపెనీ వశమైనది. గంజాము, విశాఖపట్టణము జిల్లాల పల్లెలకును మిదునాపురము జిల్లాకును మధ్య ఒకే కంపెనీ రైలు నడువజొచ్చెను. కరవుచేతను, భూమి చాలమిచేతను ఊరు విడిచిన తెలుగువారు వేలకొలదిగా వచ్చి కలాసీలుగను, ఫిట్టర్లుగను, బాయిలరు పనివారుగను స్థిరపడిరి. మథురాకాటి మొదలగు పేటలలో తెలుగు మాట ఇంటిమాటయే కాక వీధిమాటయు నైనది.

ఈ పట్టణమున 1927లో గొప్ప సంక్షోభము సంభవించెను. బరంపురమున జన్మించి, ఐర్లండున న్యాయశాస్త్రము చదివి వచ్చిన వరాహగిరి వేంకటగిరి గారు ఈ రైల్వే కార్మిక సంఘమునకు ప్రధాన నాయకులలో నొకరు. ఆ సంవత్సరము ఫిబ్రవరిలో సమ్మె ప్రారంభమైనది. స్టేషనుకడ గుమిగూడిన కార్మికులపై పోలీసులతోపాటు ఆగ్జిలరీ ఫోర్సువారిని దింపిరి. తుపాకులు ప్రేలినవి, పలువురు గాయపడిరి. సెప్టెంబరులో వర్క్‌షాపు నుండి పలువురిని తొలగింప బూనుటతో మరల వివాదము రేగి, లాకౌటై, డిసెంబరు వరకు సాగెను.

తుపాకి ప్రేలుట ఒక్కటే అయినచో ఇది పెక్కు దుర్ఘటనలలో నొకటిగా మిగిలెడిది. ఇచ్చటి విశేషము వేరు. పోలీసువాడు ఎక్కడినుండియో వచ్చును. పని తీరినపిదప పోవును. వాలంటీరు ఎక్కడికి పోవును? తుపాకిని ఆయుధాగారమున అప్పగించి, మరునాడు అదే షెడ్డునకు వచ్చి, అదే పనిని పంచవలసినవాడు. నిన్న ఎదుట నిలిచి గురిపెట్టినవాడు నేడు హాజరు పట్టీ తెరచి కూర్చుండినచో, ఆ పట్టీలోని పేరుగలవానికి చట్టమనిన నేమో, యజమాని యనిన నేమో భేదము తెలియునా? వివాదమునందు ఒక పక్షమైన కంపెనీ ఉద్యోగులే శాంతిరక్షకులైరి. ఇది ఆంగ్లో ఇండియనుల దోషముగా నెంచుటయు న్యాయము కాదు. ఉద్యోగము లిచ్చునపుడు వారిని భారతీయులుగను, అంతరంగిక రక్షణ వచ్చినపుడు ఐరోపీయులుగను లెక్కించిన ప్రభుత్వము వారినిగూడ తన అవసరమునకే వాడుకొనెను. ఇరుగుపొరుగుల నడుమ గోడను కట్టినది ఆ నియమమే.

అంతకు ముందటి సంవత్సరము, 1926 మే నెలలో, ఇంగ్లండున సార్వత్రిక సమ్మె జరిగినపుడు ప్రభుత్వము ప్రత్యేక కానిస్టేబుళ్లను విస్తారముగా చేర్చుకొనెను. అచటను వర్గభేదము లేకపోలేదు. కాని జాతినిబట్టి ద్వారము మూయబడలేదు.

1944లో కంపెనీ పరిపాలన ముగిసి రైల్వే ప్రభుత్వ వశమైనది. 1947తో ఆగ్జిలరీ ఫోర్సు అంతరించెను. స్వతంత్ర భారతమున పౌర రక్షకుల భావము మాత్రము నశింపలేదు. 1946 డిసెంబరులో బొంబాయియం దారంభమైన హోంగార్డుల సంస్థ, 1962 నాటి చీనా దురాక్రమణము పిమ్మట దేశమంతట విస్తరించినది. జాతిభేదము తొలగినది. వరదలలోను, ఉత్సవములలోను, వాహనముల రద్దీలోను హోంగార్డుల సేవ ప్రజలు కన్నులార చూచినదే.

అయినను 1927 వేసిన ప్రశ్న తీరలేదు. ఛత్తీస్‌గఢ్‌లో చదువు చాలని ఆదివాసి యువకులను స్పెషల్ పోలీసులుగా చేర్చి, స్వల్ప శిక్షణతో సాయుధ పోరునకు పంపుట రాజ్యాంగ విరుద్ధమని 2011 జులై 5న సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. ఆ తీర్పు నిచ్చిన ఇరువురు న్యాయమూర్తులలో నొకరు తెలుగువారైన బి. సుదర్శన్‌రెడ్డి గారు. పశ్చిమ బంగాళమున సివిక్ వాలంటీర్లను ఏ పద్ధతిని నియమించుచున్నారని 2024 అక్టోబరులో అదే న్యాయస్థానము రాష్ట్ర ప్రభుత్వమును ప్రశ్నించెను. కాలము మారినను పరీక్ష యొక్కటియే: ఎవరిని పిలిచితిరి? ఏమి నేర్పితిరి? ఎవరికి జవాబుదారిని చేసితిరి?

వర్క్‌షాపున తోటివాని చేయి యంత్రమున పడకుండ కనిపెట్టుకొని యుండుట పనివాని మొదటి ధర్మము. పౌర రక్షకుని ధర్మమును అంతకంటె భిన్నము కాదు. తోటివానిని కాచుటకు పిలిచినపుడు సామాన్యుడు ఎంత కష్టమునకైన ఓర్చును. అతనినే తోటివానిపైకి నిలిపినచో, దళము రద్దయిన చాల కాలమునకుగాని ఆ పట్టణమున నమ్మకము తిరిగి మొలవదు. ఖరగ్‌పూరు తెలుగువారి పెద్దలు ఆ మూల్యమును చెల్లించిరి; ఆ పాఠము మాత్రము దేశమంతటికిని చెందినది.