జెరూసలేములో ఈస్టర్: పక్కన నిలబడి అర్థం చెప్పినవాళ్ళు

ఈ ఎపిసోడ్‌లో ఈస్టర్ గురించి మాట్లాడుకుందాం. ఈస్టర్ అంటే ఏమిటి, ఎందుకు చేస్తారు అన్నది మీలో చాలామందికి తెలిసిందే. అందుకని ఇవాళ నేను వేరే వైపు నుంచి వస్తాను. రకరకాల భాషలవాళ్ళు ఒకే చర్చిలో కూడినప్పుడు ఆ పండగ ఎలా జరుగుతుంది? అక్కడ ఎవరికి ఏం అర్థమవుతుంది? ఇదేదో మన కాలంలో వచ్చిన ప్రశ్న అనుకుంటాం గానీ, దీనికి పదహారు వందల ఏళ్ళ పైనే వయసుంది.

ముందు నా సంగతి ఒకటి చెప్తాను. మేం మెల్‌బోర్న్‌లో ఉంటాం. మేం వెళ్ళే చర్చిలో ఫిలిప్పీన్స్‌వాళ్ళు, నైజీరియావాళ్ళు, మలయాళీలు, తమిళులు, మా లాంటి తెలుగువాళ్ళు, ఇక్కడివాళ్ళు అందరూ ఉంటారు. ఈస్టర్ దగ్గరపడితే నోటీసు బోర్డు నిండిపోతుంది. మట్టల ఆదివారం ఊరేగింపు, గురువారం రాత్రి ప్రార్థన, గుడ్ ఫ్రైడే ఆరాధన, బాప్తిస్మం తీసుకునేవాళ్ళకి క్లాసులు, ఆదివారం అందరూ తలా ఒక వంట తెచ్చుకుని కలిసి భోజనం. కింద ఒక మూల చిన్న అక్షరాలతో, "మీ భాషలో అర్థం చెప్పగలిగితే పేరు ఇవ్వండి" అని ఉంటుంది.

పోయినసారి నేను పేరివ్వలేదు. ఎవరో ఒకరు ఇస్తారులే అనుకున్నాను. ఆ ఏడాది మా అమ్మ గుంటూరు నుంచి వచ్చి మా దగ్గరే ఉంది. గుడ్ ఫ్రైడే రోజు తెల్లచీర కట్టుకుని, తన తెలుగు బైబిలు పట్టుకుని ముందు వరుసలో కూర్చుంది. నేను వెనకాల సౌండు సిస్టమ్ దగ్గర ఉన్నాను. ఆరాధన అయిపోయాక కారెక్కి, "పాటలు బాగున్నాయి నాయనా. అయ్యగారు ఏం చెప్పారో మాత్రం నాకేం అర్థంగాలా" అంది. ఫిర్యాదులా కూడా అనలేదు, మామూలుగానే అంది. అదే నాకు ఎక్కువ గుచ్చుకుంది. ఏసుప్రభువు సిలువ కథ అరవై ఏళ్ళుగా వింటున్న మనిషి, ఆ ఒక్కరోజు వినకుండా ఇంటికొచ్చింది.

ఆ తర్వాత కొన్నాళ్ళకి నేను ఎజీరియా రాసిన పుస్తకం చదివాను. ఇవాళ్టి కథ ఆవిడదే.

ఎజీరియా ఒక క్రైస్తవ స్త్రీ. నాలుగో శతాబ్దం చివర్లో, అంటే సుమారు 381 నుంచి 384 మధ్యలో, పడమటి దేశాల నుంచి బయలుదేరి పుణ్యక్షేత్రాలు చూడటానికి తూర్పు దేశాలకి వచ్చింది. ఆవిడది బహుశా ఇప్పటి స్పెయిన్ వాయవ్య భాగం. ఈజిప్టు చూసింది, సీనాయి కొండ ఎక్కింది, జెరూసలేములో మకాం పెట్టింది. చూసిందంతా తన ఊళ్ళో ఉన్న "అక్కచెల్లెళ్ళ" కోసం లాటిన్‌లో రాసింది. అది పండిత లాటిన్ కాదు, ఇంట్లోవాళ్ళకి ఉత్తరం రాసినట్టు ఉంటుంది. ఆ రాత వందల ఏళ్ళు కనబడకుండా పోయింది. 1884లో ఇటలీలోని అరెట్సో పట్టణంలో గమురీని అనే పండితుడికి ఒక రాతప్రతి దొరికింది. అది పదకొండో శతాబ్దపు ప్రతి. మొదలూ లేదు, చివరా లేదు. మిగిలిన ఆ మధ్య భాగంలోనే, జెరూసలేములో ఈస్టర్ ఎలా చేసేవారో రోజువారీగా ఉంది.

ఆ చర్చి కాన్‌స్టంటైన్ చక్రవర్తి కట్టించింది. 335లో ప్రతిష్ఠ జరిగింది. యేసు సమాధి ఉన్నచోటు మీద గుండ్రటి కట్టడం, దాని పేరు అనాస్తాసిస్. గ్రీకులో ఆ మాటకి పునరుత్థానం అని అర్థం. పక్కన మార్టీరియమ్ అనే పెద్ద చర్చి. మధ్యలో ఉన్న ఆవరణలో కల్వరి రాయి.

ఇప్పుడు క్లాసుల సంగతి చూద్దాం. ఈస్టర్‌కి బాప్తిస్మం తీసుకోవాలంటే లెంట్ మొదలవకముందే పేరు ఇవ్వాలి. అక్కడ లెంట్ ఎనిమిది వారాలు. శని, ఆదివారాలు ఉపవాసం ఉండేవారు కాదు, కాబట్టి వారానికి ఐదు రోజుల లెక్కన అన్ని వారాలు పట్టేది. మొదటిరోజు మార్టీరియమ్ మధ్యలో బిషపుగారికి కుర్చీ వేస్తారు. పేర్లిచ్చినవాళ్ళని ఒక్కొక్కరిగా తీసుకొస్తారు. మగవాళ్ళ వెంట జ్ఞానతండ్రి, ఆడవాళ్ళ వెంట జ్ఞానతల్లి ఉంటారు. బిషపు ఆ మనిషిని కాదు, ఇరుగుపొరుగువాళ్ళని అడుగుతాడు. ఈయన నడవడి మంచిదేనా? అమ్మానాన్నలని గౌరవిస్తాడా? తాగుబోతా, అబద్ధాలకోరా? తప్పేం లేదంటే బిషపు తన చేత్తోనే పేరు రాసుకుంటాడు. తప్పుంటే, బాగుపడి రమ్మని పంపించేస్తాడు.

ఇక్కడే ఎజీరియా ఒక చిన్నమాట రాసింది. పరదేశి అయితే, తనని ఎరిగినవాళ్ళ సాక్ష్యం లేకపోతే, బాప్తిస్మం అంత తేలిగ్గా దొరకదు అని. ఒక్కసారి ఆలోచించండి. ఊరిలోవాడికి పక్కింటివాళ్ళున్నారు. పొట్ట చేతపట్టుకుని ఎక్కడినుంచో వచ్చినవాడికి ఎవరున్నారు? వాడు మంచివాడైనా సరే, మంచివాడని చెప్పే నోరు ఉండాలి కదా. విదేశానికి వచ్చిన కొత్తలో ఇల్లు అద్దెకి కావాలంటే, ఉద్యోగం కావాలంటే, "ఇక్కడ మీకు తెలిసినవాళ్ళెవరు?" అని అడిగించుకున్నవాళ్ళకి ఈ మాట బాగా అర్థమవుతుంది.

పేరు నమోదైతే ఇక రోజూ క్లాసులే. పొద్దున్నే మూడు గంటలసేపు, మన లెక్కలో సుమారు ఆరు నుంచి తొమ్మిది దాకా. అందరూ బిషపు చుట్టూ కూర్చుంటారు. ఆదికాండంతో మొదలుపెట్టి లేఖనాలన్నీ చెప్తారు. ముందు మాటకి అర్థం, తర్వాత దాని లోపలి అర్థం. ఐదు వారాలయ్యాక విశ్వాస ప్రమాణం నేర్పుతారు. చివరికి దాన్ని ఒక్కొక్కరూ బిషపు ముందు అప్పజెప్పాలి.

అప్పటి బిషపు బహుశా సిరిల్ అయి ఉంటాడు. సిరిల్ చిన్న మనిషి కాదు. వేదాంత తగాదాల్లో మూడుసార్లు పదవి పోగొట్టుకుని ఊరు వదిలి వెళ్ళాల్సి వచ్చినవాడు. ఆయన చెప్పిన లెంట్ పాఠాలు, ఒక ముందుమాట, పద్దెనిమిది ఉపన్యాసాలు, ఇప్పటికీ ఉన్నాయి. అవి వింటూ కూర్చున్నవాళ్ళు రాసుకున్నవి అని ఒక పాత రాతప్రతిలో ఉంది. అంటే ఒక రకంగా మన ట్రాన్‌స్క్రిప్టు లాంటిదే అన్నమాట.

ఇక పండగ వారం. మట్టల ఆదివారం సాయంత్రం అందరూ ఒలీవల కొండ మీద కూడతారు. ఖర్జూర మట్టలు, ఒలీవ కొమ్మలు పట్టుకుని, పాడుకుంటూ కొండ దిగి ఊళ్ళోకి వస్తారు. నడవలేని పసిపిల్లల్ని కూడా మెడమీద ఎక్కించుకుని తెస్తారు. జనం అలసిపోకూడదని మెల్లగా నడుస్తారు అని ఎజీరియా రాసింది. గురువారం రాత్రంతా జాగారం. చీకట్లో గెత్సేమనేకి దిగుతుంటే, వెలుగు కోసం రెండొందలకు పైగా పెద్ద కొవ్వొత్తులు. శుక్రవారం పొద్దున సిలువ చెక్కముక్కని బల్లమీద పెడతారు. జనం ఒక్కొక్కరే వచ్చి ముద్దుపెట్టుకుంటారు. బిషపు దాన్ని రెండు చేతులతో గట్టిగా పట్టుకుంటాడు, చుట్టూ డీకన్లు కాపలా. ఎందుకంత కాపలా అంటే, ఇదివరకు ఒకాయన ముద్దుపెట్టుకుంటున్నట్టు వంగి, ఒక ముక్క కొరుక్కుని పోయాడట! భక్తి అనాలో దొంగతనం అనాలో మీరే చెప్పండి. మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు దాకా శ్రమల వాక్యాలు చదువుతారు. మన ఊళ్ళలో గుడ్ ఫ్రైడే మూడు గంటల ఆరాధన జరిగేది కూడా సరిగ్గా ఆ వేళకే. వింటున్నవాళ్ళలో ఏడవనివాళ్ళు ఉండరని ఆవిడ రాసింది.

కానీ ఏడవాలంటే ముందు అర్థమవ్వాలి కదండీ. అసలు విషయం ఇదే.

ఆ దేశంలో కొందరికి గ్రీకు, సిరియాక్ రెండూ వచ్చు. కొందరికి గ్రీకు ఒక్కటే, కొందరికి సిరియాక్ ఒక్కటే వచ్చు. సిరియాక్ అంటే అరామిక్‌లో ఒక రూపం, యేసు మాట్లాడిన భాషకి దగ్గరి చుట్టం. బిషపుకి ఒకవేళ సిరియాక్ వచ్చినా, చర్చిలో మాత్రం గ్రీకులోనే మాట్లాడతాడు. అది పెద్దరికపు భాష. అందుకని ఆయన పక్కన ఎప్పుడూ ఒక ప్రెస్బిటర్ నిలబడి, ఆయన గ్రీకులో అంటూ ఉంటే సిరియాక్‌లో చెప్తుంటాడు. వాక్యాలు చదివేటప్పుడు కూడా అంతే. మరి రెండూ రాని లాటిన్‌వాళ్ళు? వాళ్ళకి గ్రీకూ లాటినూ వచ్చిన సోదరులు, సోదరీలు అర్థం చెప్పేవారు. ఎందుకని? వాళ్ళు చిన్నబుచ్చుకోకుండా ఉండటానికి అని రాసింది ఎజీరియా.

వాళ్ళు చిన్నబుచ్చుకోకుండా. నాకు ఈ మాట దగ్గర మా అమ్మ గుర్తొచ్చింది. ఎజీరియా తన సంగతి చెప్పుకోలేదు గానీ, ఆవిడ కూడా ఆ లాటిన్‌వాళ్ళలో మనిషే. అంత వివరంగా మనకి చెప్పగలిగిందంటే, ఆవిడ పక్కన కూడా ఎవరో ఒక సోదరో సోదరుడో కూర్చుని చెవిలో చెప్పి ఉండొచ్చు. వాళ్ళ పేర్లు మనకి దొరకవు.

దీనికి ఒక కొసమెరుపు ఉంది. ఆరోజు జెరూసలేములో ఎవరికీ అంతగా రాని భాష లాటిన్. కాలక్రమంలో ఆ లాటినే పడమటి చర్చికి పెద్దరికపు భాష అయ్యి కూర్చుంది. మన ఫిరంగిపురం లాంటి పాత కథోలిక ఊళ్ళలో కూడా 1960ల దాకా పూజ లాటిన్‌లోనే. పాటలు, జపాలు, ప్రసంగం తెలుగులో ఉన్నా, బలిపీఠం దగ్గర మాటలు మాత్రం లాటిన్. రెండో వాటికన్ మహాసభ 1963 డిసెంబరు 4న ఆరాధన గురించిన తీర్మానం వెలువరించాకనే ప్రజల భాషలకి తలుపు తెరుచుకుంది. పెద్దవాళ్ళకి బాప్తిస్మం ముందు మెట్లుమెట్లుగా క్లాసులు చెప్పే పాత పద్ధతిని కూడా 1972లో మళ్ళీ నిలబెట్టారు. అంటే ఒకప్పుడు అనువాదం అందుకున్నవాళ్ళే, తర్వాత అనువాదం ఇవ్వడం మర్చిపోయారు. బలం వచ్చాక ఏ భాషవాళ్ళకైనా ఇది జరుగుతుంది. రేపు మనది పెద్ద గుంపు అయితే మనమూ అంతే చేస్తాం, జాగ్రత్తగా లేకపోతే.

ఆ జెరూసలేము చర్చి ఇవాళ్టికీ బహుభాషల చర్చే. గ్రీకు ఆర్థడాక్స్, కథోలిక, ఆర్మేనియన్, కోప్టిక్, ఇథియోపియన్, సిరియాక్ క్రైస్తవులు, అందరూ అక్కడే. క్యాలెండర్లు వేరు కాబట్టి ఈస్టర్ తేదీలు కూడా చాలా ఏళ్ళు వేరుగానే వస్తాయి. 2025లో మాత్రం రెండూ ఏప్రిల్ 20నే పడ్డాయి. ఎవరి స్థలం ఎంత, ఎవరి వేళ ఎప్పుడు అన్నదానికి ఒట్టోమన్ కాలం నుంచి వస్తున్న ఏర్పాటు ఉంది. తలుపు తాళం బాధ్యత ముస్లిం కుటుంబాల చేతిలో ఉంది. గొడవలూ జరిగాయి, కొట్టుకున్నారు కూడా. ఒకే కప్పు కింద ఉన్నంత మాత్రాన ఒకరికొకరు అర్థమైపోరు.

ఈసారి నేను నోటీసు బోర్డు మీద పేరు రాశాను. అమ్మ ఇప్పుడు గుంటూరులో ఉంది. ఈస్టర్ తెల్లవారుజామున సమాధుల తోటకి వెళ్ళి నాన్న సమాధి మీద కొవ్వొత్తి వెలిగిస్తుంది. తన భాషలో పాడుకుంటుంది. ఆ ఒక్క శుక్రవారం నేను తిరిగి ఇవ్వలేను. కానీ మా చర్చికి ఈమధ్య ఒక పెద్దాయన, ఆయన భార్య, కొడుకు దగ్గరికి వచ్చి ఉన్నారు. ఇద్దరికీ తెలుగు తప్ప ఇంకోటి రాదు. వాళ్ళ పక్కన కూర్చుంటానని చెప్పాను. ఆ పెద్దాయన, "మాకోసం నీకెందుకు బాబూ శ్రమ" అన్నాడు. నేను సౌండు సిస్టమ్ వేరేవాళ్ళకి అప్పజెప్పేశాను.

మీరు వెళ్ళేది చర్చి అయినా, గుడి అయినా, మసీదు అయినా, ఊరి సభ అయినా సరే, ఈసారి ఒక్కసారి పక్కకి చూడండి. ఏమీ అర్థంకాక, మర్యాదగా నవ్వుతూ కూర్చున్న మనిషి ఒకరు ఉంటారు.