గుంట మగ్గం నుంచి హైవోల్టేజ్ డబ్బా దాకా: భివండిలో స్టాటిక్‌తో మన పోరు

కల్యాణ్‌లో బండి దిగి, పద్మనగర్‌లో చుట్టాల గదిలో మూట పెట్టి, మర్నాడే సాంచాల కార్ఖానాకు పోయిన కథ మన ప్రతి ఇంట్లోనూ ఒకటుంది. కరీంనగర్, వరంగల్, నల్లగొండ, పాలమూరు ఏ జిల్లా అయినా దారి అదే. ఆ కథ మళ్ళీ చెప్పం. ఊర్లో వదిలేసి వచ్చిన రెండు సంగతుల గురించే మేము రాస్తున్నాం: తేమ, మట్టి.

గుంట మగ్గంలో నేసేటోళ్ళ కాళ్ళు భూమిలోనే ఉండేవి. గుంట చల్లదనం పడుగుకు తగిలేది. ఎండాకాలం మరీ ఆరిపోతే నీళ్ళు చిలకరించేవాళ్ళు. నూలుకు తేమ కావాలన్నది మన పెద్దలకే కాదు, మిల్లుల వాళ్ళకూ తెలుసు. ఇంగ్లండులో లాంకషైర్ మిల్లుల్లో నేత గదుల్లోకి ఆవిరి వదిలేవాళ్ళు. అది ఎక్కువై కార్మికుల ప్రాణం మీదికొస్తే 1889లో దానికి హద్దు పెడుతూ చట్టమే చేయాల్సి వచ్చింది. ఇవాళ మనం ఏసీ అంటున్న ‘ఎయిర్ కండిషనింగ్’ అనే మాట కూడా బట్టల మిల్లులోంచే పుట్టింది. 1906లో అమెరికాలో స్టూవర్ట్ క్రామర్ అనే మిల్లు ఇంజినీరు గాలికి తేమ కలిపే పనికి ఆ పేరు పెట్టాడు. ఇప్పుడు ఆ పేరుతో ఉన్న యంత్రం గాలిలో తేమను తీసేస్తోంది, అది వేరే ముచ్చట.

నూలు నేసినన్నాళ్ళు స్టాటిక్ మనకు పెద్ద బాధ కాలేదు. నూలు తన బరువులో 8 శాతానికి పైగా తేమ పట్టుకుంటుంది. పాలియెస్టర్ అర శాతం కూడా పట్టుకోదు. 1982లో బొంబాయి మిల్లుల సమ్మె మొదలైంది, పని సాంచాల వైపు మళ్ళింది. అదే ఏడు పాతాళగంగలో రిలయన్స్ పాలియెస్టర్ దారం తయారీ మొదలుపెట్టింది. 1985 జౌళి విధానం కృత్రిమ దారానికి తలుపులు తెరిచింది. భివండి సాంచాల మీదికి జారే దారం వచ్చింది, దాంతోపాటే స్టాటిక్ వచ్చింది.

చలికాలం పొడి గాలి తిరిగితే వార్పింగ్ దగ్గర చూడాలి. గాలి లేకున్నా పోగులు ఒకదాన్నొకటి నెట్టుకుని విచ్చుకుంటాయి. తెగిన కొస పోయి ఇనుప రాడ్డుకు అంటుకుంటుంది. తాకాలు మడతపెట్టే అక్కల వేళ్ళకు చురుక్కుమంటుంది. గాల్లో ఉన్న మురికంతా బట్ట మీదే వాలుతుంది. మరకకు సేటు కోత పెడితే ఆ నష్టం ఆసామిదే, స్టాటిక్‌ది అని ఎవరూ రాసుకోరు.

మొదటి మందు నీళ్ళే. నేల తడపడం, తడి గోనెసంచులు వేలాడదీయడం. రెండోది, పోగులకు దగ్గరగా సన్నని రాగి తీగల కుచ్చు కట్టి ఎర్త్ చేయడం. ఇది చౌక, కరెంటు అక్కర్లేదు. ఎక్కువ భాగం దించేస్తుంది గానీ పూర్తిగా దించదు. ఆ మిగిలినదాని కోసమే సూదుల బారు, దానికి హైవోల్టేజ్ డబ్బా. మొన ఉన్న సూదికి కొన్ని వేల వోల్టులు ఇస్తే చుట్టూ గాలి విడిపోయి ప్లస్, మైనస్ రెండు రకాల అయాన్లు పుడతాయి. పోగు తనకు కావలసినవి లాక్కుని చల్లబడుతుంది.

ఇక డబ్బా కొనేటప్పుడు. అమ్మేవాడు ముందు వోల్టులే చెప్తాడు: 7000, 10000 అని. మేమైతే ముందు అడిగేది, ఆ డబ్బా ఎన్ని మీటర్ల బారును, ఎన్ని మీటర్ల కేబుల్‌ను మోయగలదు అని. కేబుల్ కూడా లోడే. డబ్బాను ఆఫీసు గోడకు బిగించి పది మీటర్ల తీగ లాగితే బారుకు చేరేది తగ్గుతుంది. దాన్ని మెషీన్ పక్కనే పెట్టాలి.

తర్వాత మన కరెంటు. మామూలు ట్రాన్స్‌ఫార్మర్‌లో లోపలికి వచ్చేది తగ్గితే బయటికి పోయేదీ తగ్గుతుంది. 230కి 7000 ఇచ్చేది 180కి 5500 కూడా ఇవ్వదు. సూదుల దగ్గర పని సగం పడిపోతుంది, దీపం మాత్రం వెలుగుతూనే ఉంటుంది. 2007 జనవరిలో భివండి పంపిణీ టొరెంట్ పవర్ చేతికి వచ్చింది. అంతకుముందు రోజుల్లో సాంచా నడిపినవాళ్ళకు వోల్టేజీ ఎట్ల ఊగుతుందో మేము చెప్పాలా? ఇప్పటికీ షెడ్డు చివరి లైన్‌లో మీటర్ పెట్టి చూసుకున్నాకే కొనాలి.

50 హెర్ట్జ్ ఏసీ డబ్బా మోటు మనిషి లాంటిది, దుమ్ములో బతుకుతుంది. అయితే బారు పోగులకు కొన్ని సెంటీమీటర్ల దగ్గరే ఉండాలి. వేగం పెరిగితే ఇంకో చిక్కుంది. నిమిషానికి 300 మీటర్లంటే సెకనుకు 5 మీటర్లు. సెకనుకు 50 సార్లు ప్లస్, మైనస్ మారేలోపు ప్రతిసారీ 10 సెంటీమీటర్ల పోగు దాటిపోతుంది. అంతకంతకూ వేగం పెంచితే ఒక పట్టీ ప్లస్, ఒక పట్టీ మైనస్ మిగిలిపోతాయి. బీము నిండేకొద్దీ దూరం మారే చోట, బారు దూరంగా పెట్టక తప్పని చోట పల్స్‌డ్ డీసీ డబ్బా మేలు. అది ఖరీదు, లోపలంతా ఎలక్ట్రానిక్స్, నూగు పడకుండా చూసుకోవాలి. నెమ్మదిగా తిరిగే మన పాత వార్పింగ్ మెషీన్లకు అంత అవసరం లేదన్నది మా మాట.

సెకండ్‌హ్యాండ్ మెషీన్‌తో పాటు వచ్చిన డబ్బాను మాత్రం ప్లేటు చదవకుండా తగిలించవద్దు. 60 హెర్ట్జ్‌కు మాత్రమే చేసిన ట్రాన్స్‌ఫార్మర్ మన 50 మీద వేడెక్కుతుంది. షాక్ కరెంటుకు హద్దు ఉన్నదా, ప్రతి సూదికీ విడిగా అడ్డు ఉన్నదా అని కూడా అడగాలి. వార్పింగ్ దగ్గర చెయ్యి పెట్టేది మన ఇంటివాళ్ళే.

అన్నిటికన్నా ముందు ఎర్త్. న్యూట్రల్‌కు కలిపి ఎర్త్ అనిపించే ఎలక్ట్రీషియన్లు మన గల్లీలో తక్కువేం లేరు. అది ఎర్త్ కాదు, న్యూట్రల్ తెగిననాడు మెషీన్ ఒళ్ళంతా కరెంటే. బారు చట్రం, డబ్బా, మెషీన్ మూడూ గుంట తవ్వి, బొగ్గు, ఉప్పు వేసి చేసిన ఎర్త్‌కే పోవాలి. ఆ గుంటకు ఎండాకాలం నీళ్ళు పోయాలి. తాత మగ్గం గుంట మనకు మళ్ళీ వచ్చింది, ఈసారి కూర్చునేది ఇనుప మెషీన్.

సూదుల మీద నూగు పేరుకుంటే వోల్టేజీ అటునుంచటే ఎర్త్‌లోకి జారిపోతుంది, నిప్పుకూ దారి. డబ్బా ఆపి, వారానికోసారి పొడి బ్రష్‌తో తుడవాలి. పనిచేస్తోందో లేదో చూడటానికి పెద్ద మీటర్ అక్కర్లేదు. పిల్లల ప్లాస్టిక్ స్కేలును బట్టకు రుద్ది కాగితం ముక్కలకు తగిలించండి, అంటుకుంటాయి. మళ్ళీ రుద్ది, సూదులకు తాకకుండా బారు ముందు నాలుగు వేళ్ళ దూరంలో ఒకసారి తిప్పండి. ఇప్పుడు ముక్కలు అంటుకోకూడదు. అంటుకుంటే సూదులు మూసుకుపోయాయి, లేదా ఎర్త్ ఊడింది, లేదా డబ్బా పోయింది. ఆ వరుసలోనే చూసుకోండి, డబ్బా కొనడం చివర్న.