చెప్పుకోలేని చోట నొప్పి

తెనాలి స్టేషన్. వాన దంచికొడుతోంది. బాపట్ల నుంచి వచ్చిన బండి దిగి, ఆ యాభై ఎనిమిదేళ్ల రైతు రేపల్లె రైలు కోసం నాలుగడుగులు వేశాడు. ఐదోది పడలేదు. స్తంభం పట్టుకుని ఆగిపోయాడు. ఒళ్లు కాలిపోతోంది.

"ఏమైందయ్యా?" భార్య చేతిలో సంచి జారిపోయింది.

"నడుం పట్టింది."

అబద్ధం.

ముందురోజు బాపట్లలో కూతురింట్లో ఉండగా కుడి గజ్జలో సన్నగా మొదలైన నొప్పి సాయంత్రానికి కిందికి దిగి, తెల్లారేసరికి కుడి బీజం బత్తాయంత వాచి, పంచె తగిలినా ప్రాణం విలవిల్లాడుతుంటే, అల్లుడితో ఎలా చెప్పాలో తెలీక, మనవల ముందు కుంటకుండా నడవాలని పళ్లు బిగబట్టి, ఎలాగోలా రేపల్లె చేరితే చాలనుకుని బండెక్కాడు. రేపల్లె ఇంకా 30 కిలోమీటర్ల పైనే ఉంది.

భార్య ఆటో పిలిచింది.

ఆస్పత్రి గదిలో ఫినాయిల్ వాసన. మూలన తడి గొడుగులు. కుర్ర డాక్టర్ చెయ్యి వేశాడో లేదో, పెద్దాయన కేక పెట్టాడు.

"వరిబీజమా బాబూ?" ఆమె గొంతు వణికింది. కోస్తాలో అక్కడ వాపంటే ముందు గుర్తొచ్చేది అదే. దోమలు మోసుకొచ్చే ఫైలేరియా పురుగు ఇక్కడి మగాళ్లని తరతరాలుగా ఏడిపించింది. కానీ డాక్టర్ భయం వేరు. బీజం మెలిపడిందేమో! మెలిపడితే రక్తం ఆగిపోతుంది. ఆరు గంటల్లోపు ఆపరేషన్ చెయ్యకపోతే బీజం దక్కడం కష్టం. ఎక్కువగా కుర్రాళ్లకే వస్తుంది. అయినా చూడకుండా వదలకూడదు.

"నొప్పి ఒక్కసారిగా వచ్చిందా?"

"లేదు. మెల్లగా పెరిగింది."

"మూత్రం ఎలా వస్తోంది?"

పెద్దాయన భార్య వైపు చూశాడు. గోడ వైపు చూశాడు. "బాగానే."

డాక్టర్ పెన్ను కింద పెట్టాడు. "అమ్మా, మీరు కాసేపు బయట కూర్చోండి."

తలుపు మూసుకున్నాక పెద్దాయన నోరు విప్పాడు. రెండు నెలలుగా మంట. ధార సన్నబడింది. ఆఖర్న చుక్కలు చుక్కలు. రాత్రికి నాలుగైదుసార్లు లేవడం. వేడి చేసిందనుకున్నాడు. బార్లీ నీళ్లు తాగాడు, సబ్జా గింజలు నానబెట్టుకున్నాడు. బాపట్ల ప్రయాణంలో ఇబ్బంది పడతానని నీళ్లు తాగడమే మానేశాడు!

డాప్లర్ స్కానింగ్. మసక చీకటి, చల్లటి జెల్. తెర మీద ఎరుపు, నీలం రంగులు ఎగిసిపడ్డాయి. రక్తం ఆగలేదు. మామూలుకన్నా జోరుగా పారుతోంది. మెలి కాదు. బీజం వెనకే అంటిపెట్టుకుని ఉండే ఎపిడిడిమిస్ వాచింది. సాగదీస్తే ఆరు మీటర్ల దాకా వచ్చే సన్నటి గొట్టం అది, చుట్టలు చుట్టుకుని అంత చోటులోనే ఇమిడి ఉంటుంది. మరి అక్కడికి ఇన్ఫెక్షన్ ఎలా చేరింది?

"మూత్రానికి వెళ్లి రండి." వచ్చాక పొత్తికడుపు మీద మళ్లీ స్కాన్ చేశారు. మూత్రాశయం ఇంకా సగం నిండే ఉంది.

ప్రోస్టేట్ గ్రంథి ఉబ్బి దారిని నొక్కేస్తోంది. నిలవ మూత్రంలో పెరిగిన బ్యాక్టీరియా, వీర్యం బయటికొచ్చే నాళంలోంచే వెనక్కి నడిచి బీజం దాకా చేరింది. కుర్రాళ్లలో ఇదే వాపుకి ఎక్కువగా గనేరియా, క్లమీడియా లాంటి సుఖవ్యాధులు కారణం. అప్పుడు భాగస్వామికీ మందులివ్వాలి.

మూత్రం కల్చర్‌కి పంపి యాంటీబయాటిక్ మొదలుపెట్టారు. వాపు కింద దన్నుగా లంగోటీ. గుడ్డలో చుట్టిన ఐసు. భార్యని లోపలికి పిలిచి అంతా చెప్పారు.

"రెండు నెలలా?" ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. "పక్కనే పడుకున్నాను కదయ్యా, నాకైనా చెప్పకూడదా?"

కల్చర్‌లో ఈ.కొలై బ్యాక్టీరియా తేలింది. మూడోరోజుకి జ్వరం దిగింది. వాపు మాత్రం వారాల తరబడి సతాయించింది. ప్రోస్టేట్ మాత్రల కోసం మళ్లీ తెనాలి వెళ్లిన రోజు పెద్దాయన బావమరిదిని కూడా బండెక్కించాడు. ఏడాదిగా అతనికీ ధార సన్నబడిందట.