వేలంపాటలో లక్ష్మణరేఖ

2008 ఫిబ్రవరి 20న ముంబయిలో ఐపీఎల్ ఆటగాళ్లను తొలిసారి వేలం వేసినప్పుడు అందరి నోటా ధరల మాటే. నా మనసు మాత్రం ఆ ధరలకు హద్దు గీసిన నియమం మీద నిలిచింది. ఒక్కో జట్టుకు 50 లక్షల డాలర్ల పరిమితి. యజమాని ఎంతటి కుబేరుడైనా, వేలంలో అతని సంచీ పొరుగువాడి సంచీ ఒకటే.

ఈ ఆలోచనకు పూర్వచరిత్ర ఉంది. అమెరికా బేస్‌బాల్‌లో ఒప్పందం ముగిసినా ఆటగాడు పాత యజమానికే కట్టుబడి ఉండవలసిన పద్ధతి చిరకాలం సాగింది. 1975 డిసెంబరు 23న పీటర్ సైట్జ్ అనే మధ్యవర్తి ఇచ్చిన తీర్పుతో ఆ సంకెల తెగింది, జీతాలు పెరిగాయి. 1994లో యజమానులు జీతాలకు గరిష్ఠ పరిమితి కోరగా ఆటగాళ్లు సమ్మెకు దిగారు. ఆ ఏడు వరల్డ్ సిరీస్ జరగనే లేదు.

అసలు ఆటలో కుదరని ఆ హద్దు ఊహాక్రీడలో అంతకు ముందే కుదిరింది. 1980లో డేనియల్ ఓక్రెంట్, అతని మిత్రులు న్యూయార్కులో రొటిస్సెరీ లీగును ఆరంభించారు. అసలు ఆటగాళ్లను కాగితం మీద వేలంలో కొనుక్కుని, మైదానంలో వారు సాధించిన గణాంకాలను బట్టి గెలుపోటములు తేల్చుకునేవారు. 23 మందిని 260 డాలర్లలో కొనాలన్నది అటువంటి లీగులలో స్థిరపడిన నియమం.

మా నర్సీపట్నంలో మిత్రులం కొందరం అటువంటి కాగితపు వేలం ఒకటి నడిపాం. ధోనీ కోసం సంచీ సగం గుల్ల చేసుకున్నవాడికి చివరికి బౌలర్లను కొనే శక్తి లేకపోయింది. హద్దు ఉన్నచోట ఒకరికిచ్చిన ప్రతి రూపాయీ మరొకరికి ఇవ్వలేని రూపాయే.

ఈ సత్యాన్ని ఎరిగి నడుచుకున్నవాడు మన వి.వి.ఎస్. లక్ష్మణ్. సచిన్, గంగూలీ, ద్రావిడ్, సెహ్వాగ్, యువరాజ్‌లు ‘ఐకాన్’ హోదాతో తమ నగరాల జట్లలోనే ఉన్నారు. జట్టులో అత్యధిక ధర పలికినవాని కన్నా ఐకాన్‌కు 15 శాతం అధికంగా ఇవ్వాలి. హైదరాబాదు జట్టు డెక్కన్ ఛార్జర్స్‌కు వేలంలో మరింత వెసులుబాటు కలగాలని లక్ష్మణ్ ఆ హోదాను వదులుకున్నాడు. ఆ జట్టు ఆండ్రూ సైమండ్స్‌ను 13.5 లక్షల డాలర్లకు కొన్నది. ఆ లెక్కన ఐకాన్‌గా లక్ష్మణ్‌కు 15.525 లక్షలు రావాలి. వేలంలో అతనికి పలికినది 3.75 లక్షలు. తేడా 11.775 లక్షలు. రుద్రప్రతాప్ సింగ్‌ను 8.75 లక్షలకు కొన్నా ఇంకా మూడు లక్షలు మిగిలే మొత్తమది!

ఫలితం? 2008లో 14 ఆటలకు రెండే గెలుపులు, అట్టడుగు స్థానం. 2009లో గిల్‌క్రిస్ట్ నాయకత్వాన, దక్షిణాఫ్రికా గడ్డపై అదే జట్టు విజేత. హద్దు సంచులను సమం చేయగలదే గాని, వివేకాన్నీ అదృష్టాన్నీ సమం చేయలేదు.

అయితే నన్ను వేధించే ప్రశ్న మరొకటి. జట్ల మధ్య సమానత్వం మంచిదే. దాని మూల్యం చెల్లించినది ఎవరు? యజమాని ఖర్చుకు రక్షణ దొరికింది, ప్రేక్షకునికి పోటీ దొరికింది. తగ్గిన సొమ్ము మాత్రం ఆటగాడిది. 1994లో అమెరికా ఆటగాళ్లు ఆ గీతను ఒప్పుకోక ఆట మానేశారు. మన లక్ష్మణ్ ఆ గీత లోపల తన వాటాను తానే తగ్గించుకున్నాడు. అతని త్యాగాన్ని మెచ్చుకుందాం. కానీ త్యాగం అవసరమయ్యేలా గీత గీసినవారిని ప్రశ్నించడం మానరాదు. మీరేమంటారు?